ఎక్స్‌ప్రెస్ టోల్ లేన్లలోకి ఎవరిని, ఎక్కడ రానివ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏ టోల్ లేన్ల గురించి ఈ పేజీ?

బారికేడ్ దగ్గర ఆగి డబ్బు కట్టే టోల్ గేట్ల గురించి కాదు. అమెరికా నగరాల హైవేల మీద ఎడమ చివర ఒకటో రెండో లేన్లు విడిగా గీసి ఉంటాయి. పక్కనున్న మామూలు లేన్లు ఉచితం. వీటిలోకి రావాలంటే కారులో తగినంత మంది ఉండాలి, లేదా ఒంటరిగా వస్తే టోల్ కట్టాలి. రద్దీని బట్టి టోల్ మారుతూ ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ లేన్లు, హాట్ లేన్లు అని పిలిచేది వీటినే. కాలిఫోర్నియాలో ఎస్ఆర్-91 అనే రాష్ట్ర హైవే మీద 1995 డిసెంబరులో పది మైళ్ల మేర ఇలాంటివి మొదలయ్యాయి. తర్వాత శాన్‌డియాగో, మినియాపొలిస్, మయామీ, సియాటెల్, అట్లాంటా, వర్జీనియా, టెక్సస్‌లకు పాకాయి.

ప్రవేశ నియమాలు అంటే సరిగ్గా ఏవి?

రెండు రకాలు. మొదటిది ఎక్కడ: ఏ చోట లేన్లోకి ఎక్కొచ్చు, ఏ చోట దిగొచ్చు. రెండోది ఎవరు: ఎవరికి ఉచితం, ఎవరు డబ్బు కట్టాలి, ఎవరికి అసలు అనుమతి లేదు. వార్తల్లో ఎక్కువ చర్చ టోల్ ఎంత అన్నదాని మీదే జరుగుతుంది. నన్నడిగితే లేన్ బాగా నడుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ రెండు నియమాల దగ్గరే తేలిపోతుంది. అవి సరిగ్గా కుదరకపోతే టోల్ ఎంత పెంచినా పెద్దగా ఒరిగేది లేదు.

లేన్ బాగా పనిచేస్తోందని దేన్ని బట్టి చెబుతారు?

అమెరికా ఫెడరల్ చట్టంలో ఒక కొలత ఉంది. వేగ పరిమితి 50 మైళ్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న రోడ్డు మీద, పనిదినాల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో, లేన్ సగటు వేగం గంటకు కనీసం 45 మైళ్లు (దాదాపు 72 కిలోమీటర్లు) ఉండాలి. వరసగా 180 రోజులు లెక్కేస్తే 90 శాతం సమయం ఆ వేగం నిలవాలి. నిలవకపోతే లేన్ క్షీణించినట్టు లెక్క. అప్పుడు రాష్ట్రం ఏదో ఒకటి మార్చి తీరాలి: ఉచితానికి కావలసిన మంది సంఖ్య పెంచడమో, టోల్ పెంచడమో, అనుమతులు తగ్గించడమో, లేన్ సామర్థ్యం పెంచడమో.

వేగం ఒక్కటే చూస్తే చాలదు. గంటకు ఎంతమంది మనుషులు దాటుతున్నారన్నది కూడా చూడాలి. నలభై మందితో వెళ్లే బస్సునూ ఒక్కడే నడిపే కారునూ సమానంగా లెక్కేస్తే లేన్ ఎందుకు పెట్టారో మరిచిపోయినట్టే.

లేన్ సగం ఖాళీగా కనిపిస్తోంది. ఇంకొందరిని ఎందుకు రానివ్వరు?

ట్రాఫిక్‌లో ఇరుక్కుని పక్కకు చూసే ప్రతి ఒక్కరికీ వచ్చే కోపం ఇది. న్యాయమైన కోపమే. కానీ 60 మైళ్ల వేగంతో నిండుగా నడుస్తున్న లేన్ కూడా చూపుకు ఖాళీగానే ఉంటుంది. గంటకు 1,600 కార్లు వెళ్తున్నాయనుకోండి. అంటే రెండు సెకన్లకు పైగా వ్యవధిలో ఒక్కో కారు. ఆ వేగంలో సెకనుకు 88 అడుగులు దాటుతాం కాబట్టి కారుకూ కారుకూ మధ్య దాదాపు 200 అడుగుల దూరం. ఆగి ఉన్న కారులోంచి చూస్తే అదంతా ఖాళీ రోడ్డే.

హైవే లేన్ గట్టిగా రెండు వేల పైచిలుకు కార్లను మోయగలదు. అయినా అంచు దాకా నింపరు. ఆ అంచున ఎవరో ఒకరు గట్టిగా బ్రేకు వేస్తే చాలు, వెనక వరస కూలిపోతుంది. ఒకసారి కూలాక వేగంతో పాటు దాటే కార్ల సంఖ్య కూడా పడిపోతుంది. పది శాతం అటూ ఇటూ తగ్గడం మామూలు. మళ్లీ కోలుకోవాలంటే వచ్చే కార్లు బాగా తగ్గాలి, రద్దీ వేళలో అది జరగదు. అందుకే వెయ్యిన్నర, పదహారు వందల దగ్గరే ఆపాలని చూస్తారు. ఆ కనిపించే ఖాళీయే లేన్‌ను నడిపిస్తోంది.

ఎక్కడైనా ఎక్కనివ్వడం మంచిదా, గేట్లు పెట్టి అక్కడే ఎక్కనివ్వడం మంచిదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, ఒక్క మాటలో తేల్చలేనిదీ ఇదే.

గేట్ల పద్ధతిలో రెండు తెల్లగీతలు లేదా ఒక సన్నటి బఫర్ (ఎవరూ నడపకూడని ఖాళీ పట్టీ) గీసి, మధ్యమధ్య కొంత దూరం మాత్రమే చుక్కల గీత వేస్తారు. అక్కడే ఎక్కాలి, అక్కడే దిగాలి. తెరిచి ఉంచే పద్ధతిలో పొడవునా చుక్కల గీతే. ఎవరికి కావలసిన చోట వాళ్లు మారొచ్చు.

గేట్లు పెడితే క్రమశిక్షణ ఉంటుంది, ప్రమాదాలు తగ్గుతాయి అని మొదట్లో చాలామంది ఇంజనీర్లు నమ్మారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గేటు దగ్గర జరిగేది చూడండి. రెండు మైళ్ల పొడవునా చెదిరి జరగాల్సిన లేన్ మార్పులన్నీ పావు మైలులోకి వచ్చి పడతాయి. ఎక్కేవాళ్లు వేగం పుంజుకోవాలి, దిగేవాళ్లు వేగం తగ్గించుకోవాలి, ఇద్దరూ అదే చోట. దిగాలనుకున్న డ్రైవరుకు పక్క వరసలో సందు దొరక్కపోతే టోల్ లేన్లోనే బ్రేకు వేసి కాచుకుంటాడు. వెనకవాళ్లంతా ఆగాలి. అక్కడ పుట్టిన బ్రేకు లైట్ల అల వెనక్కి పాకుతూ పోతుంది.

కాలిఫోర్నియాలో దీనికి ఒక సహజ ప్రయోగం దొరికింది. ఉత్తరాన కార్‌పూల్ లేన్లు (ఇద్దరో ముగ్గురో కలిసి వెళ్లే కార్లకే కేటాయించినవి) తెరిచి ఉండేవి, దక్షిణాన గేట్లతో ఉండేవి. రెండింటి ప్రమాదాల లెక్కలు పోల్చి చూసిన పరిశోధకులకు గేట్ల వల్ల భద్రత పెరిగినట్టు కనిపించలేదు. దక్షిణాన ఆరెంజ్ కౌంటీ తర్వాత కార్‌పూల్ లేన్లను తెరిచే పద్ధతికి మార్చుకుంటూ వచ్చింది.

మిన్నెసోటాలోనూ ఇదే దారి. 2005లో ఐ-394 మీద గేట్లతో మొదలుపెట్టారు (పేరు ముందు ఐ అని ఉంటే అది ఇంటర్‌స్టేట్ హైవే). 2009లో ఐ-35డబ్ల్యూ మీదికి వచ్చేసరికి చాలావరకు తెరిచి ఉంచి, ఇబ్బంది ఉన్న చోట్ల మాత్రమే మూశారు. మామూలుగా తెరవాలి, కారణం ఉన్న చోటే మూయాలి అన్న ఈ క్రమం నాకు సరైనదిగా తోస్తుంది. మూయడానికి కారణం కాగితం మీద చెప్పగలిగేలా ఉండాలి: ఫలానా ర్యాంపు (హైవే ఎక్కే దారి) నుంచి వచ్చే వరస ఇక్కడి దాకా నిలుస్తుంది, కాబట్టి ఇక్కడ ఎక్కనివ్వం అని.

గేటే పెట్టాల్సి వస్తే ఎక్కడ పెట్టాలి?

జనం ఎక్కడ దిగాలనుకుంటున్నారో అక్కడి నుంచి వెనక్కి లెక్కవేయాలి. కాలిఫోర్నియా ఇంజనీర్లు ఒక్కో లేన్ మార్పుకు కనీసం 800 అడుగులు లెక్కేస్తారు. టోల్ లేన్ ఎడమ చివర, ఎగ్జిట్ కుడి చివర, మధ్యలో నాలుగు మామూలు లేన్లు ఉన్నాయనుకోండి. టోల్ లేన్ నుంచి మొదటి మామూలు లేన్లోకి ఒక మార్పు, అక్కడి నుంచి కుడి అంచుకు మూడు. మొత్తం 3,200 అడుగులు, అంటే అర మైలు దాటింది. ఎగ్జిట్ కోసం ఇంకో లేన్ విడిపోతే అది అదనం. గేటు దానికన్నా దగ్గరగా ఉంటే కొందరు ఎగ్జిట్ వదులుకుంటారు, కొందరు నాలుగు లేన్లనూ అడ్డంగా కోసేస్తారు. ఆ రెండో రకం వల్ల ఇబ్బంది పడేది టోల్ కట్టనివాళ్లు కూడా.

గేటు పొడవు కూడా ముఖ్యమే. కురచ గేటు అంటే డ్రైవరుకు టెన్షన్. సందు వెతుక్కోవడానికి పది సెకన్లే ఉంటే మనిషి సందు కాని సందులో దూరతాడు.

పక్క లేన్లు ఆగిపోతే టోల్ లేన్ కూడా ఎందుకు నెమ్మదిస్తుంది? అక్కడ చోటుంది కదా?

పక్కన 15 మైళ్ల వేగంతో పాకుతున్న వరసలోంచి ఏ క్షణాన ఎవరు బయటికి వస్తారో తెలియదు. 60 మైళ్ల వేగానికీ 15 మైళ్ల వేగానికీ తేడా సెకనుకు 66 అడుగులు. మీకు 200 అడుగుల ముందు ఒక కారు హఠాత్తుగా దూరితే మీ చేతిలో ఉన్నది మూడు సెకన్లు. ఆ కారు వేగం అందుకోవడానికి అంతకు మూడింతలు పడుతుంది. అనుభవం ఉన్న ఏ డ్రైవరైనా ఇలాంటి చోట ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. అందరూ తీస్తే లేన్ మొత్తం 45కి, 40కి దిగుతుంది. ఎవరూ తప్పు చేయలేదు, అయినా లేన్ నెమ్మదించింది.

ట్రాఫిక్ ఇంజనీర్లు దీన్ని ఫ్రిక్షన్ అంటారు. అమెరికా హైవే సామర్థ్య మాన్యువల్‌లో దీనికి లెక్క కూడా ఉంది: పక్క లేన్లో మైలుకు 35 కార్లకు మించి చేరితే, ఒంటరి లేన్‌గా తెరిచి ఉన్న టోల్ లేన్ మీద, సన్న బఫర్ మాత్రమే ఉన్న లేన్ మీద, ఈ ప్రభావం పడుతుంది. మధ్యలో గోడ ఉంటే పడదు. రెండేసి లేన్లు ఉన్న చోట కూడా పెద్దగా పడదు.

అందువల్ల ఒక చిక్కు ఉంది. టోల్ లేన్‌ను కాపాడదామని కొందరిని బయటికి పంపితే వాళ్లు వెళ్లేది పక్క లేన్లోకే. ఆ లేన్ ఇంకా నెమ్మదిస్తే ఫ్రిక్షన్ తిరిగి ఇటే తగులుతుంది. ఈ విషయం కింద ఎలక్ట్రిక్ కార్ల ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

అయితే గోడ కట్టేస్తే సరిపోదా?

ఫ్రిక్షన్ పోతుంది, దొంగచాటు ప్రవేశాలు పోతాయి. డబ్బూ చోటూ ఉంటే మంచి మార్గమే. శాన్‌డియాగో ఐ-15 మీద అలా చేశారు: మధ్య లేన్లలోకి నేరుగా దిగే ప్రత్యేక ర్యాంపులు కట్టి, బస్సు స్టేషన్లకు కలిపారు. మామూలు లేన్లను దాటకుండానే ఎక్కి దిగొచ్చు.

కానీ గోడ లోపల ప్రమాదం జరిగితే వెనకున్నవాళ్లకు దారి లేదు. దూరం వెళ్లేవాళ్లకే అది ఉపయోగం. మూడు మైళ్లకే ఏదో ఎగ్జిట్‌లో దిగిపోయే నగరవాసికి గోడ ఉన్న లేన్ పనికిరాదు, వాడు మామూలు లేన్లోనే ఉండిపోతాడు. ఎస్ఆర్-91 మొదట్లో రెండు చివర్లలో తప్ప మధ్యలో ఎక్కడా ఎక్కనివ్వకుండా బాగా నడిచిందంటే, ఒక చోటి ఇళ్ల నుంచి మరో చోటి ఉద్యోగాలకు ఆ దారిలో నేరుగా వెళ్లేవాళ్లు ఎక్కువ కాబట్టే. అదే నమూనా ప్రతి రోడ్డుకూ అతకదు.

ప్లాస్టిక్ స్తంభాలు?

చవక, గోడంత చోటు అడగవు. గుద్దితే వంగిపోతాయి, అదే వాటి బలహీనత. మయామీ ఐ-95 మీద 2008 నుంచి ఇవే ఉన్నాయి. స్తంభాల మధ్యలోంచి దూరిపోయే లేన్ డైవింగ్ అక్కడ పెద్ద బెడద. 60 మైళ్లతో వెళ్లే కారు ముందుకు, ఎవరూ ఎదురు చూడని చోట, ఒక కారు వచ్చి పడుతుంది. విరిగిన స్తంభాలు మార్చడం కూడా నిత్యం ఉండే ఖర్చు.

ఉచితానికి ఇద్దరు చాలా, ముగ్గురు ఉండాలా?

ఇది మొత్తం వ్యవహారానికే కీలకం, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

లేన్లో గంటకు 1,600 కార్లకు చోటుందనుకుందాం. ఇద్దరున్న కార్లు 1,300 ఉచితంగా వస్తే అమ్మడానికి మిగిలింది 300 చోట్లే. ధర వాళ్లను మాత్రమే అదుపు చేయగలదు. ఇద్దరున్న కార్లు 1,700 వస్తే? ధర ఆకాశానికి ఎక్కినా లేన్ కూలుతుంది, ఎందుకంటే లోపలున్న వాళ్లెవరూ ఆ ధర కట్టడం లేదు. లాస్‌ఏంజెలెస్ ఐ-110 మీద ఇద్దరున్నా ఉచితమే. అక్కడ లేన్ మరీ నెమ్మదిస్తే బోర్డు మీద కార్‌పూల్‌కు మాత్రమే అని పడుతుంది, ఒంటరి డ్రైవర్లను ఆ సమయానికి ఆపేస్తారు. ధర చేతులెత్తేసిన చోట ప్రవేశ నియమం రంగంలోకి దిగుతుందన్నమాట.

తేడా ఎంత ఉంటుందో చూడాలంటే అదే నగరంలోని ఐ-10 మీది ఎల్‌మాంటే లేన్ చూడాలి. అప్పటికి అది టోల్ లేన్ కాదు, బస్సులకూ ముగ్గురున్న కార్లకూ ఉద్దేశించిన లేన్. 2000 జనవరిలో రాష్ట్ర చట్టం ఆ సంఖ్యను రెండుకు తగ్గించింది. ఎక్కువమందికి ఉపయోగపడాలన్నదే ఉద్దేశం. జరిగింది వేరు. లేన్ నిండిపోయి వేగం పడిపోయింది, బస్సులు ఆలస్యమయ్యాయి. మామూలు లేన్లకూ చెప్పుకోదగ్గ మేలు జరగలేదు. ఆరు నెలలు తిరిగేసరికి, అదే ఏడాది జులైలో, రద్దీ వేళల్లో ముగ్గురి నియమాన్ని మళ్లీ తెచ్చారు. రోడ్డు అదే, డ్రైవర్లు వాళ్లే, మారింది ఒక్క అంకె.

వర్జీనియాలో ఐ-66 మీద 2022 డిసెంబరులో ఇద్దరి నుంచి ముగ్గురికి పెంచారు. ఎస్ఆర్-91 మధ్యేమార్గం పట్టింది: ముగ్గురున్న కార్లకు ఉచితం, కానీ పనిదినాల్లో సాయంత్రం 4 నుంచి 6 వరకు తూర్పు దిక్కున వెళ్తే సగం టోల్. రద్దీ నెత్తికెక్కే వేళ ఉచితం అన్నది లేకుండా చేసే ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, కార్‌పూల్‌కు గౌరవం ఇస్తూనే ధరకు పట్టు మిగులుతుంది.

ముగ్గురిని కూడగట్టడం చాలా కుటుంబాలకు కష్టం, నిజమే. ఇద్దరు ఉద్యోగులున్న జంటకు రోజూ మూడో మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? అందుకే సంఖ్య పెంచేటప్పుడు బస్సులు కూడా పెంచాలి. అది చేయకుండా నియమం ఒక్కటే మారిస్తే ప్రజల కోపం న్యాయమే.

ఎలక్ట్రిక్ కార్లను ఒంటరిగా రానివ్వడం ఎందుకు ఆపేశారు?

ఆ మినహాయింపుకు ఫెడరల్ చట్టం ఇచ్చిన గడువు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది. అలాంటి కార్లకు స్టిక్కర్లిచ్చి ఒంటరిగా రానిచ్చే కాలిఫోర్నియా పథకం కూడా దానితోనే ముగిసింది. కొత్త రకం కార్లు కొనేలా జనాన్ని ప్రోత్సహించడం మంచి ఉద్దేశమే. కానీ అలాంటి కార్లు రోడ్ల నిండా వచ్చాక ఆ బహుమతి లేన్‌నే మింగుతుంది.

అయితే అనుమతి తీసేస్తే లేన్ తప్పకుండా బాగుపడుతుందని అనుకోకండి. 2011 జులై 1న కాలిఫోర్నియా దాదాపు 85,000 హైబ్రిడ్ కార్ల అనుమతి రద్దు చేసింది. బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) కార్‌పూల్ లేన్లను పరిశీలించిన బర్క్‌లీ విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఎదురు ఫలితం కనిపించింది. కార్లు తగ్గినా కార్‌పూల్ లేన్ వేగం పెరగలేదు, ఇంకా తగ్గింది. ఆ హైబ్రిడ్లు పక్క లేన్లలోకి వెళ్లి వాటిని మరింత నింపాయి, ఆ పక్క వరస పక్కనే పోతున్న కార్‌పూల్ డ్రైవర్లు కాలు తీశారు. లేన్లో ఇంకా చోటున్నప్పుడు జనాన్ని గెంటేయడం ఎవరికీ లాభం కాదని ఇది చెబుతోంది. లేన్ నిజంగా నిండి కూలుతున్నప్పుడే బిగించాలి.

ధర పెంచితే ఒంటరి డ్రైవర్లు వాళ్లంతట వాళ్లే తగ్గరా?

సాధారణంగా తగ్గాలి. మిన్నెసోటాలో పరిశోధకులు ధరను మార్చి చూస్తే విచిత్రం కనిపించింది: ధర పెరిగినప్పుడు లేన్లోకి వచ్చేవాళ్లు కూడా పెరిగారు. బోర్డు మీద ఎక్కువ అంకె చూడగానే ముందు రద్దీ గట్టిగా ఉందని డ్రైవర్లు అర్థం చేసుకుంటున్నారు, లేన్ విలువ వాళ్ల కళ్లకు పెరుగుతోంది. ధర పనిచేయదని దీని అర్థం కాదు. ధర ఒక్కదాన్నే నమ్ముకుని తలుపులు ఎలా ఉన్నా పర్వాలేదనుకుంటే కుదరదు.

లారీలు, మోటార్‌సైకిళ్లు, బస్సులు?

బస్సులు మామూలుగా ఉచితం. మోటార్‌సైకిళ్లను ఫెడరల్ చట్టం రానిస్తుంది. పెద్ద లారీలను చాలా చోట్ల రానివ్వరు. టెక్సస్‌లోని కొన్ని లేన్లలో ఎక్కువ టోల్‌తో రానిస్తారు.

అబద్ధం చెప్పి ఉచితంగా వెళ్లేవాళ్ల సంగతి?

చాలా చోట్ల కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్ మీద ఒక చిన్న స్విచ్ ఉంటుంది, కారులో ఎందరున్నారో డ్రైవరే జరుపుకోవాలి. ఒంటరిగా ఉండి మూడు మీద పెడితే టోల్ పడదు. పట్టుకోవాలంటే పోలీసు అధికారి ట్యాగ్ ఏం చెప్పిందో చూసి, కారులోకి కళ్లతో చూసి, ఆపడానికి పక్కన చోటుండాలి. చాలా రోడ్ల మీద ఆ చోటే లేదు.

తెరిచి ఉంచిన లేన్లలో ఇంకో బెడద: ట్యాగ్ చదివే గాంట్రీ (రోడ్డు మీద అడ్డంగా నిలిపిన చట్రం) రాగానే పక్కకు తప్పుకుని, దాటాక తిరిగి వచ్చేవాళ్లు. దానికి మందు గాంట్రీలను దగ్గరదగ్గరగా పెట్టడం. తెరవడం వల్ల గేట్ల ఖర్చు తగ్గినా గాంట్రీల ఖర్చు పెరుగుతుంది, బడ్జెట్‌లో అది ముందే రాసుకోవాలి.

ఒక లేన్ ఉండటానికీ రెండు లేన్లు ఉండటానికీ అంత తేడానా?

అవును. ఒకే లేన్లో 52 మైళ్లతో నింపాదిగా వెళ్లే ఒక్క మనిషి వెనక అందరూ అదే వేగంతో పోవాల్సిందే, దాటే దారి లేదు. అతని ముందు అర మైలు ఖాళీ, వెనక వరస. రెండు లేన్లయితే దాటొచ్చు, పక్క నుంచి దూరే కార్ల దెబ్బ కూడా ఒక లేన్‌తో ఆగుతుంది. సియాటెల్ దగ్గర ఐ-405 మీద బాథెల్‌కు ఉత్తరాన ఒంటరి లేన్ ఉన్న భాగమే తలనొప్పి అయింది.

లేన్ తెరిచాక నియమాలు మార్చిన చోట్లున్నాయా?

చాలా ఉన్నాయి, మార్చడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎస్ఆర్-167 మీద 2008లో డబుల్ తెల్లగీతలతో మొదలుపెట్టి, 2014లో పొడవునా తెరిచేశారు. ఐ-405 మీద 2015 సెప్టెంబరులో లేన్లు తెరవగానే ఫిర్యాదులు వెల్లువెత్తాయి. 2016లో రాత్రులు, వారాంతాలు, సెలవు రోజులు ఉచితం చేశారు. 2017లో ఉత్తర దిక్కున రద్దీ వేళ షోల్డర్‌ను (రోడ్డు అంచున వదిలే పట్టీని) కూడా లేన్‌గా వాడటం మొదలుపెట్టారు.

అట్లాంటాలో ఐ-85 మీద 2011 అక్టోబరులో ఇద్దరున్న కార్ల లేన్‌ను ఒక్కసారిగా ముగ్గురికి ఉచితం, మిగతావాళ్లకు టోల్ అని మార్చారు. నిన్నటిదాకా ఊరికే వెళ్లిన వేలమంది ఒక్క రోజులో మామూలు లేన్లలోకి వచ్చి పడ్డారు. టోల్ లేన్ ఖాళీగా, పక్కన పాకుతున్న వరసలు. రోజుల వ్యవధిలో గవర్నరు టోల్ తగ్గించాల్సి వచ్చింది. నియమం తప్పని నేను అనను, కానీ అంత పెద్ద మార్పును ఒకే ఉదయం జనం నెత్తిన పెట్టడం తప్పు.

మా దారిలో నియమాలు మారుస్తామంటున్నారు. ప్రజాభిప్రాయ సమావేశంలో ఏం అడగాలి?

లేన్లో ఇప్పుడు వెళ్తున్నవాళ్లలో టోల్ కట్టేవాళ్లెందరు, ఉచితంగా వెళ్లేవాళ్లెందరు, దొంగగా వెళ్లేవాళ్లెందరు అని ముందు అడగండి. దొంగలు ఎక్కువైతే ఇద్దరా ముగ్గురా అన్న నియమం మార్చకముందు వాళ్ల సంగతి చూడమనండి. వేగం పడిపోయేది పొడవునానా, ఒక్క చోటనా? ఒక్క చోటైతే అది గేటుదో ర్యాంపుదో అయి ఉంటుంది, దానికి మొత్తం రోడ్డు టోల్ పెంచాల్సిన పని లేదు. మారిన తర్వాత మామూలు లేన్ల వేగం ఎంత ఉంటుందని అంచనా వేశారో అడగండి. టోల్ లేన్ అంకెలు మాత్రమే చూపిస్తే ఒప్పుకోవద్దు. బస్సు ప్రయాణికులను లెక్కలో కలిపారో లేదో అడగండి. చివరగా, ఆరు నెలల తర్వాత ఏ అంకె ఎంత కన్నా తగ్గితే నియమాన్ని వెనక్కి తీసుకుంటారో మినిట్స్‌లో రాయించండి.